రెండు వాల్వులు, ఒక చెవి

ఈ మాసము మేము వంటింటి విషయములను విడిచి, మావారి బల్లమీదనున్న యొక చిన్న యంత్రమును గూర్చి వ్రాయదలచితిమి. ఆడువారికి యంత్రములతో నేమి పనియని కొందరనవచ్చును. తుదివరకు చదివిన పిమ్మట నట్లనరని మా నమ్మకము. ఆ యంత్రము మాకు పాట వినిపించుటకంటె పెద్దమేలు చేసినది.

రాత్రివేళ పిల్లలు చదువుకొనుచుండగా ఇంట పాట మ్రోగింపరాదు. అందువలన మావారు చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనును, దానికి బలమిచ్చు ఆంప్లిఫయరును కొనితెచ్చిరి. ఇందు పూర్వపు రేడియోలయందువలె గాజు వాల్వులు రెండు కలవు, కుడిచెవికొకటి, ఎడమచెవికొకటి. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత వాల్వులు క్రమముగా మన యిండ్లనుండి తొలగిపోయినవి. 1954లో బెంగుళూరున నెలకొల్పబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ వారును ఒకప్పుడు రేడియో వాల్వులను చేసియుండిరి. నేడు ముఖ్యముగా స్లొవేకియా, రష్యా, చైనా దేశములందు ఇవి తయారగుచున్నవి.

వాల్వు పనిచేయు విధము కష్టమైనది కాదు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో నొక సన్నని తీగె ఎఱ్ఱగా కాగును. ఆ వేడికి దాని చుట్టునున్న కాథోడనెడి గొట్టమునుండి ఎలక్ట్రానులు వెలువడి, ఎదుటనున్న ప్లేటువైపునకు పరుగిడును. నడుమ గ్రిడ్డను తీగెల జల్లెడ యుండును. కాలువకు తూమెట్టిదో ఈ ప్రవాహమునకు గ్రిడ్డట్టిది. పాటయొక్క స్వల్పమైన విద్యుత్తు గ్రిడ్డును కదలించినచో, ప్లేటునకు పోవు పెద్దప్రవాహము ఆ కదలికనే అనుసరించును. అమెరికా దేశస్థుడగు లీ డి ఫారెస్టు 1906లో గ్రిడ్డును చేర్చిన తరువాతనే రేడియోకు నోరు వచ్చినది.

మా యంత్రమునకు కావలసినది ఇ.సి.సి. 82 అను జాతి. అమెరికావారు దీనినే 12 ఎ.యు. 7 అందురు. మావారు యంత్రముతో వచ్చిన క్రొత్త జతతో తృప్తిపొందక, పాత అమెరికా ఆర్.సి.ఎ. జతనొకదానిని, ఇంగ్లండులో చేయబడిన పాత ముల్లార్డు జతనొకదానిని తెప్పించిరి. వాని వెల క్రొత్తవానికంటె పలురెట్లు. ఇంటిఖర్చు వ్రాయు పుస్తకము మా చేతనే యున్నది గనుక ఆ అంకె మాకు బాగుగా గుర్తున్నది.

ముల్లార్డు పెట్టిన దినమున మావారు కన్నులు మూసికొని, "ఆహా! గాత్రమునకు ఎంత మాధుర్యము!" అనిరి. మేమును విని, నిజమే కాబోలుననుకొంటిమి. మా పెద్దమ్మాయి మాత్రము నవ్వి, "నాన్నగారూ, ఏది పెట్టితినో చెప్పకయే పెట్టెదను, అప్పుడు చెప్పుడు" అనెను. అట్లే తెర కట్టి పరీక్ష చేసితిమి. బిగ్గరగా వినబడునదే మధురముగా తోచుట చెవికి సహజము గనుక, ప్రతిమారును ఒకే ధ్వనిని పంపి, వోల్టుమీటరుతో కొలిచి సమముగా చేసితిమి. వాల్వు చల్లారుటకు, క్రొత్తది కాగుటకు పట్టు కాలములో మొదటి ధ్వని మనసునుండి జారిపోవుచుండెను. మూడు దినములలో ఎనిమిదిమార్లు అడుగగా మావారు నాలుగుమార్లు సరిగా చెప్పిరి. బొమ్మా బొరుసా వేసి చెప్పినను అంతే వచ్చును. ఆర్.సి.ఎ. జతలో నొకటి మాత్రము వ్రేలితో తట్టిన గణగణమని మ్రోగుచుండుటచే దానినందరమును గుర్తించితిమి. మావారు చిన్నబోక, "వెల తెలిసిన చెవి వేరు, తెలియని చెవి వేరు" అని యొప్పుకొనిరి.

ఇంతవరకిది వినోదము. ఇక అసలు సంగతి.

మా అత్తగారికి డెబ్బది దాటినవి. బాల్యమున వాల్వు రేడియోలో విజయవాడ కేంద్రపు భక్తిరంజని విన్నవారు. ఒకనాటి సాయంకాలము వారి చెవులకు హెడ్‌ఫోను తగిలించి త్యాగరాజకీర్తన పెట్టితిమి. కొంతసేపు విని, "బాగున్నది గాని, పాటంతయు కుడివైపే యున్నదేమే?" అనిరి.

ఎడమ వాల్వు ముసలిదై బలము తగ్గినదని మావారనిరి. మా చెవులకు రెండును సమముగనే యుండెను; అయినను పాతవస్తువు ఒక్కొక్కప్పుడొక్కరీతిగా నుండుననుకొంటిమి. చిన్ననాట మా తండ్రిగారు తర్కము చెప్పుచు, అన్వయవ్యతిరేకములని నేర్పిరి. ఏది యున్నచో కార్యమున్నదో, ఏది లేనిచో లేదో, అదియే కారణము. ఆ మాట తలచి, యంత్రము నాపి చల్లార్చి, కుడి వాల్వును ఎడమకు, ఎడమదానిని కుడికి మార్పించితిమి. దోషము వాల్వుదైనచో ఇప్పుడు కుడిప్రక్కకు రావలెను గదా! అత్తగారు మరల విని, "ఎడమప్రక్కయే లేదు" అనిరి. పిదప వాల్వులను ముట్టక, హెడ్‌ఫోనునే త్రిప్పి, ఎడమ డిప్పను కుడిచెవికి పెట్టితిమి. యంత్రములోగాని, తీగెలోగాని, డిప్పలోగాని దోషమున్నచో ఇప్పుడు కుడిచెవికి తగ్గవలెను. అత్తగారు ఎడమచెవినే చూపి, "ఇక్కడనే" అనిరి.

మావారు మా మొగమును, మేము వారి మొగమును చూచుకొంటిమి. మారనిది ఒక్కటే: ఆ చెవి.

సోదరీమణులారా, మేమొక మాట దాచక చెప్పెదము. రెండేండ్లుగా మా ఇంట అత్తగారికొక పేరు పడియుండెను: పిలిచిన పలుకరని, పెద్దతనమువలన అభిమానము హెచ్చినదని. భోజనమునకు వారు గోడప్రక్క కూర్చుందురు. మేము వారి ఎడమవైపున నిలిచి వడ్డించుచు, "కొంచెము పులుసు వేయుదునా అత్తయ్యా?" అని అడిగిన జవాబుండెడిది కాదు. వంట నచ్చలేదని, మాపై కినుక యని మేము లోలోన కుమిలి, కొన్నాళ్ళు అడుగుటయే మానివేసితిమి. కుడివైపున కూర్చుండు మావారితో మాత్రము చక్కగా మాటలాడెడివారు. "కొడుకన్న చెవులు పనిచేయును" అని యొకనాడు మేమన్న మాటయు నున్నది. అదియు వారి ఎడమప్రక్కనే అనియుందుము. వినబడలేదు గనుక సరిపోయినది. కాని మా మనసునకు మేము వినబడితిమి.

మరుసటి వారము చెవివైద్యునికడకు తీసికొనిపోయితిమి. గుబిలి కొంత తీసివేసిరి. పిదప చప్పుడు లోపలికి రాని గదిలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క స్వరము వినిపించి, రెండు చెవులకు పటము గీచిరి. కుడిచెవి వయసునకు తగినట్లున్నది. ఎడమచెవి నరము మిక్కిలి బలహీనపడినది. ఒక ప్రక్కయే తగ్గుటవలన లోపల మఱేదియు లేదని నిశ్చయించుకొనుటకు స్కానింగు తీయించిరి. భయపడవలసినదేమియు లేదని తేలినది. నేడు అత్తగారు వినికిడి యంత్రమును ధరించుచున్నారు. మేము వడ్డించు వైపును మార్చుకొంటిమి. మొదటి దినముననే, "పులుసులో ఉప్పు తగ్గినదే" అనిరి. ఆ మాట మాకు కీర్తనవలె వినబడినది.

మీ ఇంటను ఫోనునకు తగిలించు హెడ్‌ఫోను ఏదో యొకటి యుండును. పెద్దలకు పెట్టి, పాట ఒకప్రక్కకు ఒరిగినట్లున్నదాయని అడుగుడు. అవునన్నచో త్రిప్పి పెట్టి మరల అడుగుడు. వాల్వులు మార్చుటకంటె ఈ త్రిప్పుటయే ముందు చేయవలసిన పరీక్ష. కొరత చెవితోనే నిలిచినచో వైద్యుని చూడుడు. ఏ వయసువారికైనను ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినచో మఱునాటికని వాయిదా వేయరాదు. ఆ రోగమునకు తొలిదినములలో చేయు చికిత్సయే ఫలించును. పిల్లలు హెడ్‌ఫోనును బిగ్గరగా పెట్టకుండ చూచుడు. పెద్దలకు 80 డెసిబెల్ల ధ్వని వారమునకు 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్లు అంతే కాలము హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

వాల్వుల యంత్రమున్న ఇండ్లవారికి నాలుగు మాటలు. లోపల నూఱు వోల్టులకు మించిన విద్యుత్తుండవచ్చును. తీగె ఊడదీసిన తరువాతను కెపాసిటర్లలో కొంత నిలిచియుండును గనుక పెట్టె విప్పరాదు. గాజు కాలును, చల్లారిన పిమ్మటనే నిలువుగా లాగవలెను. గాజు లోపలనుండు వెండివన్నె పూత తెల్లబడినచో గాలి చొచ్చినదని తెలిసికొని పాఱవేయుడు. ఇ.సి.సి. 82, 83, 88 మూడింటికిని తొమ్మిదేసి కాళ్ళే యున్నను గుణములొకటి కావు. 88లో వేడితీగెకు విద్యుత్తునందించు కాళ్ళ ఏర్పాటును వేరు. యంత్రము చేసినవారు ఒప్పుకొననిదే ఒకదాని చోట మఱియొకటి గ్రుచ్చరాదు.

ముల్లార్డు జత యిప్పటికిని మా బల్లమీదనే వెలుగుచున్నది. దాని వెల వ్యర్థమైనదని ఖర్చుపుస్తకమున తొలుత వ్రాసితిమి. తరువాత ఆ మాటను కొట్టివేసితిమి.