మేడగది ఎవరి కష్టము?



విశాఖపట్టణపు సముద్రతీరమున ఎత్తైన అంతస్తుల మేడలు లేచుచున్నవి. అన్నిటికంటె పైనున్న ఇంటిని పెంట్‌హౌస్ అందురు. దాని వెల కోట్ల రూపాయలు. అట్టి ఇల్లు కొన్నవానిని దేవుడు ఆశీర్వదించెనని మన సంఘములలోనే కొందరు సాక్ష్యము చెప్పుచున్నారు. నేను ఒప్పుకొనను.

ఆ ఇటుకలు మోసినదెవరు? పొట్టకూటికి వలసపోయిన మన పల్లెల బిడ్డలు కారా? 2014 జూన్ 28న చెన్నై చెంత మౌలివాక్కములో, కట్టుచున్న 11 అంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోయిరి. వారిలో అనేకులు మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారే. మేడలు అమ్మజూపు ప్రకటనలలో అట్టివారి ఊసే యుండదు.

“సొమ్మిచ్చి కొన్నవానిది తప్పేమి?” అందురేమో. యిర్మీయా 22వ అధ్యాయము చదువుడి. యెహోయాకీము రాజు గొప్ప మేడగదులు కట్టించి, దేవదారు పలకలు పరపించి, ఎఱ్ఱరంగు వేయించెను. పనివానికి మాత్రము కూలి ఇయ్యలేదు. ప్రవక్త మేడ ఎత్తును చూడలేదు, కూలి లెక్క అడిగెను.

మన ప్రభువును మేడగదిలో కూర్చుండెను. అది కొన్నది కాదు, అడిగి పుచ్చుకొన్నది. అక్కడ ఆయన దాసునివలె నడుము కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను.

కాబట్టి సంఘపెద్దలారా, మేడను చూచి ఆశీర్వాదమనకుడి. మీ ఊరినుండి పనికి పోయినవారి పేర్లు వ్రాసి, ఆదివారమున ఆ పేర్లు పలికి ప్రార్థించుడి. కూలి ఎగవేయబడినవాని పక్షమున నిలువుడి. బిగపట్టిన కూలి మొఱ్ఱ ఎంత ఎత్తైన మేడనైనను దాటి దేవుని చెవిని చేరునని యాకోబు మనలను హెచ్చరించుచున్నాడు.