'జాగ్రత్త' అనే బహానా

"నడిపేవాడు హోషియార్‌గా ఉంటే ఏ పిడి అయినా ఒకటే." ఈ మాటకు నేను సాఫ్‌గా ముఖాలిఫ్‌ని. వినడానికి పెద్దల నసీహత్‌లా ఉంటుంది గానీ ఇది పని తప్పించుకునే మాట. పరికరం తయారుచేసేవాడి జిమ్మేదారీని తీసి వాడేవాడి నెత్తిన పెట్టే మాట.

బహస్ ఎక్కడ మొదలైందో ముందు చెప్తాను. మా ఖాలా కొడుకు ఒకడు టెక్సస్‌లో ఉంటాడు. చిన్నప్పటి నుంచి విమానాల షౌక్. అక్కడికెళ్లాక పైలట్ లైసెన్స్ తీసుకున్నాడు. ఇప్పుడు గ్యారేజీలో, పక్కపక్కన రెండు సీట్లుండే చిన్న విమానాన్ని కిట్ తెచ్చుకుని సొంతంగా బిగిస్తున్నాడు. అమెరికా కానూన్ దీనికి ఇజాజత్ ఇస్తుంది. సగానికి పైగా పని షౌక్ కోసమో, నేర్చుకోవడం కోసమో సొంతంగా చేసుండాలన్నది షరతు. రెక్కలయ్యాయి, తోక అయింది. థ్రాటిల్ దగ్గర ఆగాడు. ఏది పెట్టాలని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాడు. ఒకరు మెరిసేది బాగుందన్నారు. ఇంకొకరు ఖరీదైనదే పక్కాగా ఉంటుందన్నారు. ఆఖర్న మామూ ఫైసలా చెప్పేశారు: "ఏదైనా ఒకటే బేటా, నువ్వు జాగ్రత్తగా ఉండు చాలు."

అసలు సవాల్ అడిగింది అతని బీవీ ఒక్కతే. "ఆయనకు గాల్లో ఏమన్నా అయితే, పక్క సీట్లో ఉన్న నేను దేన్ని ముట్టుకోవాలి?" గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. థ్రాటిల్ ఎంచుకోవడమంటే ఆ సవాల్‌కు జవాబు చెప్పడమే అని నా దావా.

కారులో యాక్సిలేటర్ కాలి కింద ఉంటుంది. విమానంలో కాళ్లకు వేరే పని, తోక దగ్గరి రడ్డర్‌ను తిప్పే పెడళ్లు. అందుకే ఇంజన్ తాకత్ చేతికిచ్చారు. చేతిలోని పిడి నుంచి ఒక కేబుల్ ఇంజన్ దాకా వెళ్లి, లోపలికి గాలి పోయే తలుపును తెరుస్తుంది, మూస్తుంది. థ్రాటిల్ అంటే ఇంతే. అయితే పైకి లేవడం, దిగడం, దిగలేకపోతే మళ్లీ లేవడం, అన్నీ ఆ పిడి మీదే ఆధారపడతాయి.

ఈ పిడి మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకటి సాదాగా నెట్టి లాగేది. లోపలికి నెడితే తాకత్ పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. చుట్టూ ఉన్న రింగును తిప్పి బిగుతు పెంచుకుంటే, వదిలిన చోట నిలబడుతుంది. లోకమంతా విమానం నేర్చుకునే సెస్నా 172లో ఉండేది ఇదే. రెండోది వెర్నియర్. స్కూల్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్న పిల్లలకు పేరు యాదుంటుంది. దీనికి పిడి నడుమ ఒక బటన్. అది నొక్కి పట్టుకుంటేనే పిడి జారుతుంది. లేదంటే మరలా తిప్పుకుంటూ పోవాలి, కొంచెం కొంచెంగా కదులుతుంది. మూడోది క్వాడ్రంట్, పెద్ద విమానాల్లోలాగా ముందుకీ వెనక్కీ ఊగే లివర్.

నా ఫైసలా ఇది: థ్రాటిల్‌కు సాదా పిడి పెట్టు, లేదా లివర్ పెట్టు. వెర్నియర్ పెట్టకు.

వెర్నియర్‌ను సమర్థించే వాళ్ల దలీల్ బేకారేమీ కాదు. ఇంజన్ అదిరినా పిడి వెనక్కి జారదు, దూరప్రయాణంలో తాకత్‌ను చక్కగా ఒకచోట నిలపొచ్చు అంటారు. నిజమే. మరి అత్యవసరంలో బటన్ వెతుక్కోవాలా అంటే, అరచేత్తో గట్టిగా నెడితే బటన్ దానంతటదే నొక్కుకుంటుంది కదా అంటారు. అదీ నిజమే, నెట్టేటప్పుడు. లాగేటప్పుడు సంగతేమిటి? బొటనవేలితో బటన్ నొక్కి పట్టుకుని, మిగతా వేళ్లతో వెనక్కి లాగాలి. దిగేటప్పుడు, ఆఖరి నిమిషంలో, ఎదురుగాలి ఊగిస్తుంటే పైలట్ చేయి ఊరుకోదు. ఇంత పెంచు, అంత తగ్గించు, మళ్లీ పెంచు అంటూ ఆడుతూనే ఉంటుంది. ఆ ఆటలో నడుమ బటన్ ఎందుకు? ఇక పక్క సీట్లో ఉన్న ఆడమనిషికి బటన్ సంగతి యాదుండాలా? భయంతో లాగుతుంది. పిడి కదలదు. చెడిపోయిందనుకుంటుంది.

వెర్నియర్‌కు దాని జాగా ఉంది. ఇంధనం-గాలి పాళ్లు చూసే మిక్స్చర్‌కు, ప్రొపెల్లర్ వేగం చూసే పిడికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆ రెంటినీ తీరుబడిగా, కొంచెం కొంచెంగా సర్దుకుంటాం. థ్రాటిల్‌కు ఆ తీరుబడి లేదు.

రకం తేలింది. ఇక తర్తీబ్, అంటే ఏది ఎక్కడ ఉండాలన్నది. ఇక్కడే "నా విమానం, నా మర్జీ" అనే రోగం మొదలవుతుంది. ఫ్యాక్టరీలో చేసే చిన్న విమానాలకు 2017 దాకా అమెరికా కానూన్‌లో ఈ కట్టుబాట్లు ఉండేవి. ఎడమ నుంచి కుడికి థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్స్చర్. ముందుకు నెడితే తాకత్ పెరగాలి. మూడు పిడుల షకల్ కూడా వేరువేరుగా ఉండాలి, చూడకుండా తడిమినా ఫర్క్ తెలియాలి. రంగులు కూడా అలవాటుగా స్థిరపడ్డాయి: నలుపు థ్రాటిల్, నీలం ప్రొపెల్లర్, ఎరుపు మిక్స్చర్. ఇంట్లో చేసుకునే విమానానికి ఈ కట్టుబాట్లు వర్తించవు. అందుకే కొందరు మూడూ ఒకే రకం అల్యూమినియం పిడులు పెడతారు, ఫొటోలో బాగుంటుందని. తాకత్ తగ్గించబోయి ఎర్ర పిడి లాగితే ఇంజన్‌కు ఇంధనం ఆగిపోతుంది. అందం కోసం ఆ ఖతరాను కొని తెచ్చుకోవాలా?

ఈ కట్టుబాట్లు ఆఫీసులో కూర్చున్న గుమాస్తా రాసినవి కావు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీదే చక్రాలు ముడుచుకుని బోర్లా పడేవి. రెక్కల ఫ్లాపులు ఎత్తబోయి పైలట్లు చక్రాలు ఎత్తేసేవారు. అందరిదీ ఒకటే ఇల్జాం: పైలట్ తప్పు. అల్ఫోన్స్ చపానిస్ అనే యువ సైకాలజిస్టు కాక్‌పిట్ లోపలికి వెళ్లి చూశాడు. రెండు స్విచ్చులూ ఒకే షకల్, పక్కపక్కనే. ఒకదాని చివర చక్రం ఆకారం, ఇంకోదానికి ఫ్లాపు ఆకారం తగిలించాడు. పైలట్లకు నసీహత్ ఇవ్వలేదు, పిడి మార్చాడు.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇంకా లోతుకు వెళ్లారు. 'పైలట్ తప్పిదం' అనిపించుకున్న 460 అనుభవాలు సేకరించి చూస్తే, దాదాపు సగం ఒక పిడి అనుకుని ఇంకో పిడి పట్టుకున్నవే. వాళ్లు చూపించిన ఒక సంగతి వినండి. బి-25లో ఎడమ నుంచి థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్స్చర్. సి-47లో ప్రొపెల్లర్, థ్రాటిల్, మిక్స్చర్. సి-82లో మిక్స్చర్, థ్రాటిల్, ప్రొపెల్లర్. ఒకే ఫౌజు, మూడు విమానాలు, మూడు తర్తీబులు. సి-47 అంటే మనకు పరాయిది కాదు. డకోటా అని పిలిచే విమానమే. 1945లో నిజాం సర్కార్ హయాంలో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఆ డకోటాలే. ఒక దాంట్లో చేయి నేర్చుకున్నది ఇంకో దాంట్లో ఉల్టా అవుతుంటే ఆ చేతికి జాగ్రత్త చెప్పి ఏం లాభం?

దిక్కు సంగతీ అంతే. యుద్ధానికి ముందు ఫ్రెంచ్, ఇటాలియన్ విమానాలు చాలావాటిలో థ్రాటిల్ ఉల్టా ఉండేది, లాగితే తాకత్ పెరిగేది. ఆ పద్ధతికి అలవాటుపడ్డ పోలండ్ పైలట్లు 1940లో బ్రిటన్ తరఫున ఎగరడానికి వచ్చినప్పుడు చేతి ఆదత్‌ను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఆరితేరిన యోధులు. వాళ్లకే తప్పలేదు.

విమానం ఎక్కకపోయినా ఇది మనకు తెలుసు. పాత బుల్లెట్ తోలిన చాచాలను అడగండి. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మిగతా బళ్లకు ఉల్టా. మామూలు రోడ్డు మీద దిమాగ్ సర్దుకుంటుంది. ఎదురుగా పిల్లాడు ఉరికొస్తే దిమాగ్‌ను అడిగే టైము ఉండదు, కాలు పాత ఆదత్ ప్రకారమే తొక్కుతుంది. అప్పుడు ఆ మనిషిని బేవకూఫ్ అంటామా?

కారీగర్లు ఖాందాన్‌తో, ముఖ్యంగా మరమ్మత్తు పనుల్లో చేతులు అరిగిన మన వాళ్లతో, ఇంకో మాట చెప్పాలి. పిడి ఎంచుకుంటే సగం పనే అయింది. కేబుల్ అవతలి కొన ఇంజన్ దగ్గర ఉంది, అది ఎవరికీ కనబడదు. అక్కడ కదిలే కీలు మీద నట్టు దానంతటది వదులు కాకుండా కాటర్ పిన్ ఉండాలి. కీలు లోపలి గుండు అరిగి ఊడినా కేబుల్ జారిపోకుండా పక్కన పెద్ద వాషర్ ఉండాలి. పిడి ప్యానెల్‌కు ఆనుకునే ముందే ఇంజన్ దగ్గరి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, పిడి దగ్గర కొంచెం సందు మిగలాలి. లేకపోతే పూర్తి తాకత్ ఇచ్చాననుకుంటాడు, ఇంజన్‌కు అందదు. ఇక కేబుల్ తెగితే? రోటాక్స్ 912 ఇంజన్‌లో స్ప్రింగులు కార్బరేటర్లను పూర్తిగా తెరిచేస్తాయి. కేబుల్ తెగినా ఇంజన్ చావదు, పైలట్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి, పైనుంచి ఇంజన్ ఆపుకుని దిగొచ్చు. చేసినవాడు ఫిక్ర్ చేశాడని అర్థం. తెగకుండా జాగ్రత్తపడు అని చెప్పి ఊరుకోలేదు.

మన మజ్లిసుల్లో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ పేరు ఫఖర్‌గా చెప్పుకుంటాం. 9వ శతాబ్దంలో ఖుర్తుబాలో, అంటే నేటి స్పెయిన్‌లోని కార్డోబాలో, రెక్కలు కట్టుకుని ఎగిరాడంటారు. కథ మిగతా సగం ఎవరూ చెప్పరు. 17వ శతాబ్దపు ముఅర్రిఖ్ అల్-మక్కరీ రాసిన ప్రకారం, దిగేటప్పుడు ఆయన నడుముకు దెబ్బ తగిలింది. పక్షి తోక ఆసరాతో దిగుతుందని తెలియక తోక పెట్టుకోలేదు. చూడండి, ఆ ముఅర్రిఖ్ 'జాగ్రత్తగా లేడు' అని ముగించలేదు. తోక లేదు అని సబబ్ రాశాడు.

మా అఖ్బార్ల వాళ్లకు ఆ పాటి ఓపిక కూడా ఉండదు. హాదసా జరిగిన సాయంత్రానికే 'మానవ తప్పిదం' అని సుర్ఖీ పడుతుంది. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు, కాబట్టి కసూర్ వాడిదే. వాడి పిల్లలు జిందగీ అంతా ఆ సుర్ఖీ మోస్తారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1980లో కొన్ని చిన్న విమానాల్లో నేల మీద చక్రాలు ముడుచుకుపోయిన హాదసాల మీద రిపోర్టు ఇస్తూ, వాటిని డిజైన్ వల్ల వచ్చిన ప్రమాదాలని పేరులోనే రాసింది. చపానిస్ చక్రం బొమ్మ తగిలించి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. అంతకాలం తర్వాత కూడా అదే పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి మా ఖాలా కొడుకుకు, ఇంట్లో ఏ మెషీన్ బిగించుకునే వాడికైనా, నేను చెప్పేది ఇది. నల్ల పిడి, ఎడమ పక్క, రెండు సీట్ల నుంచీ చేయి అందేలా. నెడితే పెరగాలి, లాగితే తగ్గాలి, నడుమ బటన్లు వద్దు. బిగించాక మొదటి ఇంతెహాన్ నీకు కాదు, నీ బీవీకి పెట్టు. నేల మీద, ఇంజన్ ఆపి, కళ్లు మూసుకోమని, "తాకత్ తగ్గించు" అని ఒక్కసారే చెప్పు. చేయి తప్పు పిడి మీద పడితే ఆమెను సరిదిద్దకు. ప్యానెల్ విప్పు.