మారు తాళంచెవి

ఈ నెల మేము కంప్యూటర్ల ఊసెత్తుతున్నాము. చదువరులలో పెద్దలు పేజీ త్రిప్పివేయవద్దని మనవి. విషయం నిజానికి కంప్యూటర్లది కాదు, నకళ్ళది. దస్తావేజుకు నకలు, తాళానికి మారు చెవి మన ఇళ్ళలో అందరూ ఎరిగినవే. కంప్యూటరులోని లెక్కలకు తీసి దాచే నకలును బేకప్ అంటున్నారు, అంతే తేడా.

మారు తాళంచెవి చేయించిన ఇల్లాలు దానిని తాళంలో పెట్టి ఒకసారి త్రిప్పి చూడనిదే చేసినవాడికి డబ్బులివ్వదు. ఈపాటి జాగ్రత్త పెద్ద పెద్ద కచేరీలలో కానరాదు. అక్కడ రోజూ సాయంత్రం నకలు తీస్తారు. "బేకప్ అయినది" అని రిజిస్టరులో వ్రాసి పొడి సంతకం పెడతారు. ఆడిటరుగారు వచ్చి సంతకాలు చూసి టిక్కులు కొట్టి, కాఫీ త్రాగి వెళతారు. ఆ నకలులోనుంచి ఒక్క కాగితమైనా తిరిగి పైకి తీసి చూశారా అని అడిగే నాథుడుండడు.

మేమెరిగిన ఒక కచేరీలో, పదవీ విరమణ చేసిన అటెండరు ఒకరికి పాత సంవత్సరాల ప్రావిడెంటు ఫండు లెక్క కావలసి వచ్చింది. బీరువా తెరిస్తే నకళ్ళన్నీ ఉన్నాయి. అట్టపెట్టెల మీద సంవత్సరాలు ముత్యాలవంటి అక్షరాలతో వ్రాసి ఉన్నాయి. కాని ఆ ఫ్లాపీలను చదవగల యంత్రం కచేరీలో ఒక్కటీ లేదు. ఎప్పుడో పాత సామాను క్రింద అమ్మివేశారు. బయట ఎక్కడో ఒకటి సంపాదించి పెట్టి చూస్తే, సగం ఫ్లాపీలు బూజుపట్టి పలకలేదు. ఆ పెద్దమనిషి ఏడు నెలలు మెట్లెక్కి దిగాడు. చివరకు గోడౌనులో చెదలు తినగా మిగిలిన కాగితపు లెడ్జరే ఆయన్ను గట్టెక్కించింది. కూతురి పెళ్ళి ముహూర్తం మాత్రం లెడ్జరు దొరికేదాకా ఆగలేదు, అప్పు చేశాడు. నకలు తీసినవాడు తన పని తాను చేశాడు, సంతకమూ పెట్టాడు. మరి తప్పెవరిదంటే, రిజిస్టరులో దానికి గడి లేదు!

దీనికి ఎదురుగా మరొక కచేరీ చూడండి. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేట, కోట్టూరుపురం ఇళ్ళలోకి నీరు వచ్చిన సంగతి మన కుటుంబాలలో చాలామంది చెప్పగలరు. బీరువా అడుగు అరలోని దస్తావేజులు ముద్దయిపోయాయి. ప్రభుత్వం ఆ నెలలోనే ప్రత్యేక శిబిరాలు పెట్టి నకళ్ళు ఇప్పించింది. ఇంటి దస్తావేజుకు నకలు ఎలా దొరికింది? రిజిస్ట్రారు కచేరీ ప్రతి దస్తావేజుకూ తనవద్ద ఒక ప్రతి ఉంచుకొని, పేర్లవారీగా ఒక సూచిక, ఆస్తులవారీగా ఒక సూచిక వ్రాసిపెడుతుంది. అంతకంటె ముఖ్యం, అక్కడ నకలు తీయడం ఎప్పుడో వచ్చే ఆపదకని దాచిన పని కాదు. ఎవరో ఒకరు అర్జీ పెట్టి, రుసుము కట్టి తీసుకొంటూనే ఉంటారు. ఆ తాళంచెవి రోజూ తిరుగుతున్నదన్నమాట.

రోజూ తిరగని తాళంచెవి సంగతీ మన ఊళ్ళోనే ఉన్నది. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి వారు, అక్కడ ఏ ఉపద్రవం వచ్చినా ఇక్కడినుంచి బేరాలు నడపవచ్చునని చెన్నపట్నంలో ఒక మారు కేంద్రం పెట్టుకొన్నారు. 2021 ఫిబ్రవరి 24, బుధవారం పొద్దున 11.40కి ముంబయిలో బేరాలు నిలిచిపోయాయి. టెలికాం లైన్లలో వచ్చిన చిక్కు యంత్రాలదాకా ప్రాకింది. చెన్నపట్నపు కేంద్రం ఇందుకోసమే గదా ఉన్నది! ఆనాడు దానికి మారలేదు. సాయంత్రం 3.45కు ముంబయిలోనే తిరిగి మొదలుపెట్టి 5 గంటలవరకు నడిపారు. ఎందుకు మారలేదని సెబీ సంజాయిషీ అడిగింది. మరుసటి నెలలో గడువులు విధించింది. ముఖ్యమైన వ్యవస్థ చెడితే 30 నిమిషాలలో ఆపద అని ప్రకటించాలి. ఆపైన 45 నిమిషాలలో మారు కేంద్రంనుంచి పని సాగాలి.

అటుతరువాత చేసిన పని మాకు ఎక్కువ నచ్చింది. 2024 మార్చి 2, శనివారం, సెలవునాడు బజారు తెరిచారు. 9.15 నుంచి 10 వరకు అసలు కేంద్రంలో బేరాలు. యంత్రాలు మార్చి, 11.30 నుంచి 12.30 వరకు మారు కేంద్రంలో. ఉత్తుత్తి బేరాలు కావు, నిజమైన డబ్బు. మే 18న మళ్ళీ అదే పని చేశారు.

విదేశాలవారు మనకంటె గడుసువారని అనుకోనక్కరలేదు. ప్రోగ్రాములు వ్రాసేవారు తమ వ్రాతలు దాచుకొనే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో, 2017 జనవరి 31 రాత్రి ఒక ఉద్యోగి పొరబాటున అసలు లెక్కలే చెరిపివేశాడు. నకళ్ళకు అయిదు ఏర్పాట్లున్నాయి. ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు! రోజూ నకలు తీయవలసిన ప్రోగ్రాము ఎన్నాళ్ళుగానో విఫలమవుతున్నది. విఫలమైనదని పంపే జాబులు కూడా చేరడం లేదు. మరో పనికోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిపెట్టిన నకలు ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పినందుకు వారిని మెచ్చుకోవలసిందే.

పరీక్ష చేయడం బ్రహ్మవిద్య కాదు. మూడు నెలలకొకసారి నకలులోనుంచి ఏదో ఒక పాత నెల లెక్కను ఎంచుకోవాలి. దానిని వేరొక యంత్రంలో విప్పాలి, అసలు మీద పెట్టి చెరపకూడదు సుమా! నకలు తీసే మనిషి కాక మరొకరు విప్పాలి. లేకపోతే పాస్‌వర్డు ఒక్కరి తలలోనే ఉండిపోయిన సంగతి ఆయన ఊరు వెళ్ళిననాడు గాని తెలియదు. విప్పాక కళ్ళతో చూస్తే చాలదు. గుమాస్తా బుద్ధి ఉపయోగించి పద్దులు లెక్కపెట్టాలి. అడుగు మొత్తం కాగితంతో కలవాలి. గడియారం చూసి ఎంతసేపు పట్టినదీ వ్రాసుకోవాలి. జీతాల రోజున లెక్క రెండు దినాలకు వస్తే ఎవరికి ఉపయోగం?

మన సంఘాలలో సభ్యుల పట్టీలు, చందాల లెక్కలు ఈనాడు ఎవరో ఒక కార్యదర్శిగారి కంప్యూటరులోనే ఉంటున్నవి. నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్న కుటుంబాల ఇంటిపేర్లు, స్వగ్రామాలు ఆ పట్టీలలో తప్ప మరెక్కడా లేవు. ఇళ్ళలోనో, తాతగారి షష్టిపూర్తి ఫోటోలు అబ్బాయి పాత ఫోనులో, లేదా "పైన ఎక్కడో" ఉన్నాయంటారు. ఈ ఆదివారం ఆ పైనుంచి ఒక్క ఫోటోను మరొకరి ఫోనులోకి దింపి చూడండి. కార్యదర్శులు పట్టీని వేరొక కంప్యూటరులో విప్పి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టినదీ, ఎవరి పేరు దొరకనిదీ మాకు ఒక కార్డు ముక్క వ్రాస్తే, వచ్చే సంచికలో వేస్తాము.