‘చెప్పినా వినకుండా బిడ్డను తీసుకెళ్ళిపోయారు’ అనే ముందు



మా పాప పుట్టినప్పుడు బరువు 1,240 గ్రాములు. డాక్టరమ్మ లెక్కలో 31 వారాలు. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఊళ్ళోకి 108 రాదు. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం, అక్కడి నుంచి బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాన్పయ్యాక బిడ్డను పట్టుకుని మళ్ళీ బండెక్కి కిందకి, పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఈ దారి మీలో చాలామందికి తెలిసిందే. డోలీల గురించి మనం ఎన్నోసార్లు రాశాం, ఫొటోలు పెట్టాం, ధర్నాలు చేశాం. కానీ ఆసుపత్రికి చేరాక ఏమవుద్దో మనం పెద్దగా మాట్లాడుకోలేదు. మేము అక్కడ 41 రోజులు ఉన్నాం. ఆ 41 రోజుల గురించే ఇది.

పసిబిడ్డల ప్రత్యేక వార్డుని ఎస్‌ఎన్‌సీయూ అంటారు. బిడ్డ లోపల, మనం బయట. పాలు పిండి ఇవ్వడానికి మా ఆమెని మూడు గంటలకోసారి పిలిచేవాళ్ళు. మిగతా టైమంతా వరండాలో గోడకి ఆనుకుని కూర్చోవడమే. కాన్పయిన ఒళ్ళు, కింద గచ్చు. ఆమెకి కువి తప్ప తెలుగు సగం సగమే వచ్చు. లోపల ఏం చెప్తున్నారో అర్థంకాక తలూపి బయటికొచ్చేసేది, తర్వాత నన్ను అడిగేది. నన్నేమో లోపలికి రానివ్వరు.

తొమ్మిదో రోజు పాప పాలు తీసుకోవడం మానేసింది. పొట్ట ఉబ్బింది. ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోతోంది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ముక్కుకి గొట్టం, చేతికి సూది, మందులు. ఏడు రోజులు ఏ మాటా గట్టిగా చెప్పలేదు. పదహారో రోజున నర్సమ్మ వచ్చి ‘మళ్ళీ పాలు అరుగుతున్నాయి’ అంది. మా ఆమె అప్పుడు ఏడ్చింది, అంతవరకు ఏడవలేదు.

ఈ మధ్యలోనే ఇంకోటి జరిగింది. మా పక్కనే వరండాలో ఇంకో కొండ నుంచి వచ్చిన జంట ఉండేది. వాళ్ళ బాబు మా పాపకన్నా కొంచెం బరువే. పన్నెండో రోజు పొద్దున్నే కాగితం మీద వేలిముద్ర వేసి బాబుని తీసుకెళ్ళిపోయారు. సిబ్బందిలో ఒకాయన ‘ఈ కొండోళ్ళింతే, ఎంత చెప్పినా వినరు’ అన్నాడు. రిజిస్టర్‌లో కూడా అలాగే ఎక్కి ఉంటుంది, డాక్టర్ సలహాకి వ్యతిరేకంగా వెళ్ళిపోయారు అని.

ముందురోజు రాత్రి ఆ తండ్రి నాతో చెప్పింది ఆ రిజిస్టర్‌లో ఉండదు. ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు, చూసేది ముసలి తల్లి ఒక్కతే. అవి కాఫీ పళ్ళు ఏరే రోజులు, ఏడాది మొత్తంలో చేతికి డబ్బులొచ్చేది అప్పుడే. జేబులో బస్సు ఛార్జీకి సరిపడా మిగిలింది, ఇంకో రెండు రోజులుంటే అదీ ఉండదు. ఆ బాబు ఏమయ్యాడో నాకు ఈరోజుకీ తెలీదు.

నేనూ పందొమ్మిదో రోజు సంచి సర్దాను. ఆగింది తెలివితో కాదు. మా తమ్ముడు డబ్బు పంపాడు, మా అత్త వచ్చి పెద్దోడిని చూసుకుంది, ఊళ్ళోవాళ్ళు మా చెట్ల పళ్ళు ఏరిపెట్టారు. ఆయనకి ఆ మనుషులు లేరు. మమ్మల్ని ‘బాధ్యత గల తల్లిదండ్రులు’ అని, వాళ్ళని ‘మూఢులు’ అని అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లో మొదలైంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, జబ్బుపడ్డ పసిబిడ్డకి వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను బండి అన్నీ ఉచితం. మంచిదే, మా పాప మందులకి మేం రూపాయి కట్టలేదు. కానీ అదే పథకంలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పయితే 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు. మా పాప లోపల ఉన్నది 41 రోజులు. మిగతా 38 రోజులు పాలిచ్చే తల్లి ఏం తినాలి? పాలు ఎక్కడి నుంచి రావాలి?

‘తల్లి ఉండకపోయినా మేం చూసుకుంటాం’ అంటారేమో. కుదరదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు బిడ్డల్ని తల్లి గుండెకి హత్తుకుని ఉంచడం మొదలుపెట్టారు. దాన్నే కంగారూ పద్ధతి అంటున్నారు. 2021లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఐదు దేశాల్లో జరిగింది, మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే, 28 రోజుల్లోపు చనిపోయేవాళ్ళు వందకి దాదాపు 16 నుంచి 12కి తగ్గారు. దాని కోసం ఆ వార్డులోనే తల్లికి మంచం వేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోజుకి 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని చెప్పింది. అంటే తల్లి పక్కనుండటం కూడా వైద్యమే. మందుకి డబ్బు ఇచ్చే ప్రభుత్వం ఈ వైద్యానికి మంచం, అన్నం ఎందుకు ఇవ్వదు?

ఇన్ఫెక్షన్ తగ్గాక మా ఆమెకీ, తర్వాత నాకూ పాపని అలా పెట్టుకోనిచ్చారు. బిడ్డని గుడ్డతో ఒంటికి కట్టుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తా? నేర్పాల్సిన పనే లేదు. ఉండనిస్తే చాలు.

ఇది కోరరాని కోరిక కూడా కాదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్ని చేర్చే ఎన్‌ఆర్‌సీల్లో తల్లికి భోజనం పెడతారు, పోయిన కూలికి పరిహారం ఇస్తారు. అక్కడ ఉన్న నియమం పసిబిడ్డల వార్డుకి ఎందుకు లేదు? సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుని కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. ఆకలితో మధ్యలో బయటికి నడిచే పరిస్థితి కల్పిస్తే, వైద్యం అందినట్టా అందనట్టా?

కాబట్టి గ్రామసభలో, ఐటీడీఏ గ్రీవెన్స్‌లో రోడ్డుతో పాటు ఇవీ రాసి అడుగుదాం. బిడ్డ డిశ్చార్జి అయ్యేదాకా తల్లికి మంచం, తల్లికీ తోడు మనిషికీ భోజనం. ఎన్‌ఆర్‌సీలో లాగా కూలి పరిహారం. కువి, ఆదివాసీ ఒడియా, కోయ, సవర మాట్లాడే మనిషి వార్డులో ఒకరు.

అవి వచ్చేదాకా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం చేయగలిగింది ఉంది. మీ ఊరి బిడ్డ అక్కడుంటే ఒకరు తోడు వెళ్ళండి. ఇంటిదగ్గర పిల్లల్ని, పనిని వంతులేసుకోండి. ఇంత ముందుగా పుట్టిన బిడ్డకి నెలలోపు కంటి పరీక్ష జరగాలి, జరిగిందా అని అడగండి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఇంటికొచ్చాక ఆశా అక్క వస్తుందో లేదో చూడండి. పాలు చీకకపోయినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి వేగంగా తీసినా, డొక్కలు ఎగరేసినా తెల్లారేదాకా ఆగకండి. ఇంకో మాట, ఈ బిడ్డల ఎదుగుదలని పుట్టిన రోజు నుంచి కాకుండా పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ‘ఇంకా కూర్చోలేదేంటి’ అని తల్లిని గుచ్చకండి.

మా పాప 1,700 గ్రాములతో ఇంటికొచ్చింది. నడక కొంచెం ఆలస్యమైంది. ఇప్పుడు రెండేళ్ళు. కోడిపిల్లల వెంట పరిగెడుతోంది.

మీ ఊళ్ళోనూ మధ్యలో ఆసుపత్రి నుంచి వచ్చేసిన కుటుంబం ఉండే ఉంటుంది. వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. ఎందుకొచ్చేశారో అడగండి, తేదీలతో సహా రాసుకోండి. రిజిస్టర్‌లో లేనిది మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

జోహార్.