జానెడు పెట్టె, బారెడు స్నేహం

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లల్లో ఒక చిత్రం చూస్తూ వుంటాం. పై మెట్టుమీద దేవుళ్లు, ఆ కింద పెళ్లికొడుకు పెళ్లికూతురు, ఇంకా కింద కొండపల్లి ఏనుగు అంబారీ వరసగా కొలువుతీరి వుంటారు. అన్నిటికన్న అడుగున, నేలమీద ఇసుక పోసి, ఆవాలు మొలకెత్తించి పొలం చేసి, అద్దంముక్క పరచి చెరువు చేసి, వాటి చుట్టూ కీ ఇస్తే తిరిగే రైలు ఒకటి పెడతారు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు పైమెట్లు చూసి, పసుపు కుంకుమ పుచ్చుకుని లేస్తారు. వాళ్లను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మగవాళ్లు మాత్రం అడుగున రైలు దగ్గర గొంతుక్కూచుని వుంటారు. “పట్టా ఇక్కడ సరిగా అతకలేదండీ” అని ఒకాయన చెయ్యి పెడతాడు. “ఆ మలుపులో కాస్త ఎత్తు చేస్తే పడిపోదు” అని ఇంకొకాయన సలహా చెబుతాడు. పావుగంట క్రితం ఈ ఇద్దరికీ ముఖపరిచయమైనా లేదు.

కొలువు మూడు రోజుల ముచ్చట. ముక్కనుమ వెళ్లగానే ఏనుగూ, దేవుళ్లూ, రైలూ కలిసి అటకెక్కుతాయి. కాని ఆ రైలును అటకెక్కించడానికి మనసొప్పక, ఏడాది పొడుగునా, ఆ మాటకొస్తే జీవితం పొడుగునా నడుపుకునేవాళ్లు దేశదేశాల్లో వున్నారు. ఈ వారం నేను చెప్పబోయేది వాళ్లను గురించే.

వాళ్ల ముందు “బొమ్మ” అన్నారంటే ముఖం చిట్లిస్తారు. వాళ్లది నమూనా. దానికి లెక్క వున్నది. ఎక్కువమంది వాడే లెక్కలో అసలు రైలులో 87 వ వంతు వుంటుంది. పెరంబూరు ఫ్యాక్టరీలో తయారై, మనమంతా ఎక్కి తిరిగిన పెట్టె పొడుగు 21 మీటర్ల పైచిలుకు. దాన్ని 87 తో భాగిస్తే 24 న్నర సెంటీమీటర్లు వస్తుంది. అంటే జానెడు, ఆపైన ఒక అంగుళానికి తక్కువ. ఆ జానెడు పెట్టెకు కిటికీ చువ్వలుండాలి, మెట్లుండాలి, పక్కన నంబరుండాలి. ఆ నంబరు నిజంగా నడిచిన పెట్టెదే అయివుండాలి!

ఈ సరదాకు గట్టి పునాది పడింది జర్మనీలో. 1891 లో లైప్‌జిగ్ సంతలో మార్క్లిన్ కంపెనీవారు రైళ్లనూ పట్టాలనూ వరసకొలతల ప్రకారం చేసి చూపించారు. నిరుడు కొన్న పట్టాలకు ఈ ఏడు కొన్న పట్టాలు అతుకుతాయన్న మాట. కాని కంపెనీలు పెరిగినకొద్దీ ఎవరి కొలత వారిదయింది. గుంతకల్లులో దిగి, కూలీచేత సామాను మోయించుకుని, పెద్దలైను బండి వదలి మీటరుగేజి బండి పట్టుకున్న మన పెద్దవాళ్లకు గేజి కలవకపోతే కలిగే కష్టం ఒకరు చెప్పనక్కరలేదు. 1935 లో అమెరికాలో మిల్వాకీ నగరంలో ఈ సరదా వున్నవాళ్లు సమావేశమై, జాతీయసంఘం ఒకటి పెట్టుకుని, చక్రానికి అంచు ఇంత వుండాలి, పట్టాల మధ్య ఎడం ఇంత వుండాలి అని నిర్ణయాలు రాసుకున్నారు. నా బండి నీ పట్టాలమీద నడవాలి, నీ బండి నా పట్టాలమీద నడవాలి. సంఘం పెట్టుకోవడానికి ఇంతకన్న మంచి కారణం నాకు తోచదు.

ఇక మన దేశం సంగతి. పుణెలో 1998 లో జోషీగారు తమ చిన్నరైళ్లకు మ్యూజియమే తెరిచారు. అంత పెద్దయెత్తున కాకపోయినా, సికింద్రాబాదులో మా వీధిలో కూడా ఒక చిన్న బృందం వున్నది. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు అసలే లేడు. అందుకనే కాబోలు ఇన్నేళ్లుగా చీలకుండా వున్నది.

ఇందులో మొదటివారు రిటైరయిన రైల్వే గార్డుగారు. గార్డు అన్న పేరును ప్రభుత్వం 2022 లో “ట్రెయిన్ మేనేజర్” అని మార్చింది గాని, మా వీధికి ఆయన గార్డుగారే. రెండోవారు ఒక కంపెనీలో అకౌంటెంటుగా చేసి విశ్రాంతి తీసుకున్నాయన. మూడోవాడు ఇంజనీరింగు చదివే కుర్రాడు. శనివారం సాయంత్రం గార్డుగారి ముందుగది ఈ ముగ్గురిది. కొనడానికి మన రైళ్ల నమూనాలు సులువుగా దొరకవు. చక్రాలూ మోటార్లూ పైదేశాలనుంచి రావాలి. మిగిలినదంతా ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, రంగువేసి చేసుకోవలసిందే. చెట్లకు బీరకాయ పీచు, నేలకు ఎండబెట్టిన టీపొడి. గార్డుగారి ఇల్లాలు, అంటే మా వదినగారు, వడగట్టిన టీపొడి పారబొయ్యడానికి వీల్లేదు.

“చూడండి అన్నయ్యగారూ, మేడమీద వడియాలు ఎండబెట్టుకుందామంటే చోటు లేదు. చాపనిండా టీపొడే!” అంటుందావిడ నాతో.

“నేలంటే ఆ రంగులో వుండాలి మరి. రంగులడబ్బాలో దొరకదది” అంటారు గార్డుగారు.

“పోనీ ఆ ఇంజను ఎంతకు కొన్నారో అడగండి.”

గార్డుగారు గొంతు తగ్గించి ఒక అంకె చెబుతారు. వదినగారు నవ్వి, “పార్సెలు పుచ్చుకున్నది నేనండీ. ఆయన చెప్పినదానికి పక్కన ఒక సున్నా వేసుకోండి” అంటుంది.

గార్డుగారిది రాజమండ్రి. గోదావరిమీద 1900 లో తెరిచిన హేవలాక్ వంతెన కట్టితీరాలని ఆయన పంతం. ఆ వంతెనకు 56 స్పానులు. ఒక్కొక్కటి 45 మీటర్ల పైమాట. అకౌంటెంటుగారు కాగితం తీసి లెక్క కట్టారు. 87 వ వంతుకు తగ్గించినా ఒక్కో స్పాను మూరెడు దాటుతుంది, మొత్తం వంతెన 29 మీటర్లు వస్తుంది. గార్డుగారి గది నాలుగు మీటర్లు. చివరకు నాలుగే నాలుగు స్పానులు కట్టడానికి ఒప్పందం కుదిరింది.

“నాలుగు స్పానుల గోదావరేమిటి? పంటకాలవలా వున్నది” అని గార్డుగారు వాపోయారు.

“మిగతా 52 మీరు కళ్లు మూసుకుని దాటండి” అన్నారు అకౌంటెంటుగారు.

గార్డుగారు అలాగే చేస్తారు! బండి నాలుగో స్పాను దాటగానే నిజంగానే క్షణంసేపు కళ్లు మూసుకుంటారు. వదినగారు మాత్రం బండి వంతెనెక్కగానే వంటింట్లోనుంచి వచ్చి, రంగువేసిన గోదావరిలో ఒక రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టి వెడుతుంది. ఆ బిళ్లలు పోగుచేసి వీళ్లు జిగురు కొనుక్కుంటారు.

వీళ్లలో తగాదాలు లేవనుకోకండి. అసలు వంతెనమీద రైళ్లు 1997 లో ఆగిపోయాయి. కుర్రాడేమో కొత్తరకం ఎర్రపెట్టెల బండి చేసుకువచ్చి వంతెన ఎక్కించాడు. గార్డుగారికి పట్టరాని కోపం వచ్చింది. “ఆ వంతెన మూతపడ్డాక గదుటోయ్ నీ ఎర్రపెట్టెలు మన దేశానికి వచ్చింది! చచ్చినవాడి భుజంమీద పుట్టనివాణ్ని ఎక్కిస్తావా?” అన్నారు. మూడు వారాలు మాటలు లేవు. చివరకు అకౌంటెంటుగారు పరిష్కారం చెప్పారు: గార్డుగారు టీ తాగడానికి లోపలికి వెళ్లినప్పుడు ఎర్రబండి నడపవచ్చు. అప్పటినుంచి గార్డుగారు శనివారం నాడు రెండుసార్లు టీ తాగుతున్నారు. రెండోసారి లోపల చాలాసేపు కూచుంటారు.

ఇటువంటి సర్దుబాటు ఈ సరదా మొత్తంలోనే వున్నది. మన పెద్దలైనుకు పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. 87 వ వంతు అంటే 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టాలు పదహారున్నరవి. అవి వేరే దేశాల రైళ్లకు సరిపోయే కొలత. దాదాపు మూడు మిల్లీమీటర్ల లోటు. పెట్టె నంబరులో ఒక అంకె తప్పితే నిద్రపోనివాళ్లు ఈ లోటును మాత్రం చూసీచూడనట్టు పోతారు. లేకపోతే బండే కదలదు మరి.

కుర్రాడికి పైన నడిచే బండికన్న బల్లకింద తీగెలంటే ఇష్టం. ఎప్పుడు చూసినా కాళ్లు రెండే బయటికి కనబడతాయి. ఇదీ కొత్తేమీ కాదు. అమెరికాలో పేరుపడ్డ ఎం.ఐ.టి. సాంకేతిక విద్యాలయంలో 1946 నుంచి విద్యార్థుల రైలుసంఘం ఒకటి వున్నది. అందులో కొందరు పైన పెట్టెలకు రంగులు వేసేవారు, కొందరు కింద టెలిఫోను సామాగ్రితో సిగ్నళ్లు నడిపేవారు. ఆ కిందివాళ్లే తరువాత కంప్యూటర్లమీద పడ్డారు. ఇవాళ పత్రికల్లో కనబడే “హ్యాకర్” అన్న మాట కంప్యూటర్లవాళ్లకు అందింది ఆ బల్లకిందినుంచే. పైవాళ్లకు కిందివాళ్ల గొడవ అర్థం కాదు, కిందివాళ్లకు పైవాళ్ల రంగులు పట్టవు. అయినా ఒకరు లేకపోతే ఇంకొకరి బండి నడవదు.

ఎవరి ఇంట్లోనూ పెద్ద గది లేనివాళ్లు మరో ఉపాయం కనిపెట్టారు. తలా ఒక బల్ల చేసుకుని, వారానికో నెలకో ఒకచోట చేర్చి కలుపుతారు. దానికి నియమం వున్నది. బల్ల ఎత్తు ఒకటే వుండాలి. చివరల్లో పట్టా అంచుకు ఇంత దూరంలో రావాలి. కరెంటుతీగె ప్లగ్గు ఒకే రకం వుండాలి. అంతే! బల్ల మధ్యలో నీ ఇష్టం. కొండ పెట్టుకో, గుడి కట్టుకో, ఎడారి చేసుకో, ఎవరూ అడగరు. మనుషులు అన్ని విషయాల్లోనూ ఏకీభవిస్తేగాని స్నేహం నిలవదనుకుంటాం. అంచుల దగ్గర కలిస్తే చాలునని ఈ వడ్రంగిలెక్క చెబుతున్నది. వియ్యాలవారికి కూడా ఇది పనికివస్తుందేమో పెద్దలు ఆలోచించాలి.

ఇంత శ్రమపడి చేసినది ఒక్క రాత్రిలో పోతే? అదీ జరిగింది. ఇంగ్లండులో లింకన్‌షైరు జిల్లాలో మార్కెట్ డీపింగ్ అన్న చిన్న ఊరి రైలుసంఘంవారు 2019 మే నెలలో, దగ్గరి ఊరైన స్టామ్‌ఫర్డ్‌లో ప్రదర్శన ఏర్పాటుచేసుకున్నారు. బల్లలన్నీ సర్ది రాత్రికి ఇళ్లకు వెళ్లారు. తెల్లవారి వచ్చి చూస్తే అంతా నేలమీద చితికి వున్నది. నలుగురు కుర్రాళ్లు రాత్రి లోపల ప్రవేశించి తొక్కిపారేశారు. అందులో ఏళ్ల తరబడి, సంవత్సరానికి ఇంత చొప్పున పెంచుకుంటూ వచ్చిన పనులున్నాయి. పెద్దవయసు మనుషులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సాయం చెయ్యండి అని వాళ్లు లోకాన్ని కోరినది 500 పౌన్లు. వచ్చినది లక్ష పౌన్లు దాటింది. సుప్రసిద్ధ గాయకుడు రాడ్ స్టూవర్ట్ ఒక్కడే 10,000 పౌన్లు ఇచ్చాడు. ఆయన కూడా ఈ బాపతే. కచేరీలకు ఊళ్లు తిరుగుతూ, హోటల్లో అదనంగా ఒక గది తీసుకుని అందులో చిన్నచిన్న మేడలు చేసుకుంటూ, ఇరవై యేళ్లకు పైగా ఒక నగరాన్నే కట్టుకున్నాడు. తెలియని ఊళ్లవాళ్లు డబ్బు పంపింది అట్టముక్కలకూ జిగురుకూ కాదు. విరిగినదేమిటో వాళ్లకు తెలుసు.

మా బృందానికి వేరే రకం దెబ్బ తగిలింది. రెండేళ్ల క్రితం అకౌంటెంటుగారు పోయారు. ఆయన వంతు బల్లమీద ఆయన చిన్నతనంలో పెరిగిన ఊరి స్టేషను వున్నది. ఒక వేపచెట్టు, నీళ్లకుళాయి, సిమెంటుబెంచీ. విదేశంలో వున్న కొడుకు కర్మలకు వచ్చి, “నాన్న సామాను ఎంతో కొంతకు అమ్మిపెట్టండి బాబాయిగారూ” అని గార్డుగారిని అడిగాడు. దాపరికం లేకుండా ప్రతి ఇంజను ధరా సరిగ్గా కట్టి, ఇంకో ఊళ్లో వున్న ఇటువంటి పిచ్చివాళ్లకే అమ్మి, ఆ డబ్బు పైసాతో సహా ఆవిడ చేతిలో పెట్టారు గార్డుగారు, కుర్రాడు కలిసి. లెక్క రాసిన కాగితం కూడా ఇచ్చారు. అకౌంటెంటుగారి ఇంటికి లెక్క లేకుండా డబ్బు ఎలా ఇస్తారు?

బల్ల మాత్రం ఆవిడ అమ్మనివ్వలేదు. “దాన్ని మీతోనే వుండనివ్వండి అన్నయ్యగారూ. మా ఇంట్లో వుంటే వట్టి బల్ల” అన్నది.

ఇప్పటికీ శనివారం నాడు ఆ బల్ల వంతెన పక్కన అతుకుతుంది. చివరలు కలుస్తాయి గదా, ఎప్పటికీ అతుకుతుంది. గార్డుగారి టైంటేబులులో ఆ స్టేషనుకు ఒక నిమిషం వుండేది. ఇప్పుడు రెండు నిమిషాలు చేశారు. అక్కడ నీళ్లు పట్టుకోవాలి గనుక అని కారణం కూడా రాసిపెట్టారు. ఒక్కొక్క శనివారం ఆవిడ వచ్చి, వదినగారి పక్కన పీట వేసుకుని కూచుంటుంది. బండి వచ్చి ఆగి, కదిలి, వంతెనెక్కేదాకా చూసి, తన కొంగుముడిలోనుంచి ఒక రూపాయి తీసి గోదావరిలో వేస్తుంది.

చదువరుల్లో ఇల్లాళ్లకు నేను చేసే విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో వడగట్టిన టీపొడి కనిపించకుండాపోతున్నా, బీరకాయ పీచు మాయమవుతున్నా వెంటనే కేకలు వెయ్యకండి. శనివారం సాయంత్రం ఎవరెవరు వస్తున్నారో చూడండి. ఇద్దరు ముగ్గురు వస్తూ వుంటే, ఇంకో రెండు గ్లాసులు టీ ఎక్కువే పెట్టండి. ఎలాగూ పొడి వృథా పోదు.