రచయిత ముఖము, చిత్రకారుని రేఖ

1910-11లో భారతదేశయాత్ర చేసిన ఆంగ్ల చిత్రకారుడు విలియం రోథెన్‌స్టైన్, కలకత్తాలోని జోడాసాంకో భవనమున అవనీంద్రనాథ, గగనేంద్రనాథ సోదరులతో కళాగోష్ఠి సలుపుచు, శ్వేతవస్త్రధారియై మౌనముగా ఆ సంభాషణము నాలకించుచున్న వారి పినతండ్రిని చూచి, ఆయన ఎంతటివాడో ఎవరును సూచింపకున్నను, ఆ ముఖమునందలి అంతస్సౌందర్యమునకు వశుడై, చిత్తరువు గీయుటకు అనుమతి వేడెను. ఆ పినతండ్రి రవీంద్రనాథ ఠాకూరు. 1912లో లండను చేరిన రవీంద్రుడు తన గీతముల ఆంగ్లానువాదముల వ్రాతప్రతిని ఈ మిత్రుని చేతికే ఇచ్చెను. ఆయన దానిని యేట్సు కవికి చేర్చెను. ఆ సంవత్సరమే ఇండియా సొసైటీ 750 ప్రతులు ముద్రించిన ‘గీతాంజలి’కి గ్రంథారంభమున రోథెన్‌స్టైన్ గీచిన కవిచిత్రమే అలంకారమైనది. మరుసటి యేట లభించిన నోబెల్ బహుమానమునకు ఆ రేఖాచిత్రమే కారణమనుట అతిశయోక్తి యగును. కాని కవిత్వమును ఎరుగకమునుపే కవిని గుర్తించిన ఒక చిత్రకారుని చూపునుండి ఆ మైత్రి అంకురించినదనుటలో సందేహము లేదు.

రోథెన్‌స్టైన్ ఒక్క చిత్రముతో ఆగలేదు. 1915లో మాక్మిలన్ సంస్థ ప్రకటించిన సంపుటమున ఆయన గీచిన రవీంద్రుని చిత్తరువులు ఆరు గలవు. ఛాయాచిత్రము ఒక్క క్షణపు ముఖమును పట్టి యిచ్చును. ఎదుట కూర్చుండి గీయువాడో, మాటతో, మౌనముతో, ఆలోచనతో మాటిమాటికి మారు ముఖమును గంటలతరబడి పరిశీలించి, అందు ఏది నిలుపదగినదో, ఏది విడువదగినదో నిర్ణయింపవలసియుండును. ఆ నిర్ణయము సాహిత్యవిమర్శకుడు చేయు నిర్ణయము వంటిదే గనుక, రచయిత చిత్తరువును గ్రంథమునకు తొడిగిన ఆభరణముగాక, ఆ రచయితపై వెలువడిన వ్యాఖ్యానముగా మనము గౌరవింపవలెను.

రచనకును చిత్రలేఖనమునకును గల ఈ బాంధవ్యము ఆంధ్రులకు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరము ఆర్ట్సు కళాశాలకు ప్రిన్సిపాలుగానుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడును రచయితయును గనుక, ఆయన శిష్యులలో దామెర్ల రామారావు వంటి చిత్రకారుడును, ‘నారాయణరావు’ నవలా రచనమునందును చిత్రలేఖనమునందును సమానముగా రాణించిన అడివి బాపిరాజును వెలసిరి. ఒకే గురువు నీడను కలమును కుంచెయు కలిసి పెరిగిన నేల మనది.

కావున మన ప్రచురణకర్తలును సాహిత్యసంస్థలును, రచయిత గతించిన పిమ్మట పాత ఛాయాచిత్రమునకై వెదకుట మాని, ఆయన జీవించియుండగనే సమకాలిక చిత్రకారుని ఎదుట కూర్చుండబెట్టి చిత్తరువు గీయింపవలెను. తగిన పారితోషికమొసగి, చిత్రము క్రింద చిత్రకారుని నామమును విధిగా ముద్రింపవలెను. మూలచిత్రములను దామెర్ల పేర రాజమహేంద్రవరమున వెలసిన చిత్రశాల వంటి స్థలములందు భద్రపరుపవలెను. ఇందులకు కావలసిన వ్యయము స్వల్పము. రాబోవు పాఠకులకు దక్కు లాభము అపారము.