ఉపగ్రహ సమాచారము: పరుల గాదెలు

2025 జూలై 30వ తేదీన శ్రీహరికోటనుండి నింగికెగసిన నైసార్ ఉపగ్రహము దినమునకు సుమారు 80 టెరాబైట్ల సమాచారము నొసగునని నాసావారి యంచనా. ఇంతటి రాశిని ఏ కళాశాలయు తన కంప్యూటరులలో నిలువచేసి పరిశీలింపజాలదు. కావున పెద్ద కంపెనీల సర్వరులపై, అనగా క్లౌడుపై, ఈ పని జరుపుట యనివార్యమగుచున్నది.

ఇందలి లాభము స్వల్పము కాదు. 1972 మొదలు పోగుపడిన ల్యాండ్‌శాట్ చిత్రములను గూగుల్ ఎర్త్ ఇంజినునందు పరిశీలించి, సామాన్య విద్యార్థియు తన జిల్లా చెరువుల హెచ్చుతగ్గులను గుర్తింపగలడు. యంత్రములు కొననక్కరలేదు, వాణిజ్యేతర పరిశోధనకు, పరిమితికి లోబడి, రుసుమును లేదు.

అయినను ఇతరులకు గణనము జరిగిన ప్రతి గంటకును, నిలువయున్న ప్రతి నెలకును బిల్లు వచ్చును. సమాచారమును లోనికి పంపుట సాధారణముగా ఉచితమే. వెలికి తీయుటకే సుంకము. అంతకంటె గొప్ప చిక్కు పరాధీనత. మైక్రోసాఫ్ట్‌వారు తమ ప్లానెటరీ కంప్యూటరునందలి హబ్‌ను 2024లో మూసివేయగా, దాని నాశ్రయించినవారు వేరు నీడ వెదకికొనవలసివచ్చెను. ఒక కంపెనీ పద్ధతిని వ్రాసిన ప్రోగ్రాము మరియొకచోట నున్నదున్నట్లు నడువదు గదా!

క్లౌడును బహిష్కరింపుడని మేము చెప్పము. కాని కరవు అంచనాకును, పంట దిగుబడి నిర్ణయమునకును ఉపగ్రహ చిత్రములు ఆధారమగుచున్న యీ కాలమున, రైతు బ్రదుకును తేల్చు లెక్కలు పరుల దయపై నుండరాదు. మూల సమాచారపు ప్రతియు, ఎచ్చటనైనను నడువగల ప్రోగ్రామును హైదరాబాదు నందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువంటి మన సంస్థలయం దుండవలెను. పొరుగువాని గాదెలో ధాన్యము పోయవచ్చును. విత్తనములు మాత్రము మన యింటనే యుండవలెను.